ఇంతవరకు నడిపించిన చేయి: మీకు తెలుసా?

కష్టంలో ఉన్న విశ్వాసికి సంఘంలో పెద్దలు తరచూ చెప్పే మాట ఒకటుంది: ఇంతకుముందు దేవుడు నీకు చేసిన మేళ్లు ఒక్కసారి తలుచుకో అని. చెప్పడం తేలికే. ఆస్పత్రి వరండాలో రాత్రంతా కూర్చున్నవాళ్లకు, అప్పులవాళ్లు గుమ్మంలో నిలబడ్డవాళ్లకు పాత మేళ్లు అంత సులువుగా గుర్తుకు రావు. భయం ముందుగా మింగేసేది జ్ఞాపకాన్నే. బైబిలుకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే గుర్తుచేసుకోవడాన్ని మనిషి మనఃస్థితికి వదిలేయకుండా రాళ్లకు, పాత్రలకు, పండుగలకు, పాటలకు, పిల్లల ప్రశ్నలకు అప్పగించింది. ఆ తర్వాతి కాలపు విశ్వాసులూ తమ తమ దారుల్లో అదే చేశారు. వాటిలో చాలామందికి తెలియనివి కొన్ని ఇక్కడ చూద్దాం.

ఎబెనెజరు పేరు బైబిల్లో మొదట కనిపించేది ఓటమి కథలో

మన ఊళ్లలో ఎబెనెజరు పేరుతో ప్రార్థనా మందిరాలున్నాయి, బళ్లున్నాయి, మనుషులున్నారు. కొత్త ఇల్లు కట్టుకుంటే గుమ్మం మీద ఆ పేరు చెక్కించుకునేవాళ్లున్నారు. సమూయేలు ప్రవక్త మిస్పాకూ షేనుకూ మధ్య ఒక రాయి నిలబెట్టి, ఇక్కడిదాకా దేవుడే సాయం చేశాడని దానికి ఆ పేరు పెట్టాడని ఆదివారపు బడి పిల్లలు కూడా చెబుతారు. అది మొదటి సమూయేలు 7వ అధ్యాయం.

మూడు అధ్యాయాలు వెనక్కి వెళ్లండి. 4వ అధ్యాయం మొదటి వచనంలోనే ఇశ్రాయేలు సైన్యం దిగిన చోటు పేరు ఎబెనెజరు. ఎదురుగా ఆఫెకులో ఫిలిష్తీయులు. మొదటి పోరులో 4,000 మంది పడిపోయారు. అప్పుడు షిలోహు నుంచి నిబంధన మందసాన్ని తెప్పించారు. దాన్ని చూసి సైన్యమంతా నేల దద్దరిల్లేలా కేకలు వేసింది. మరుసటి పోరులో 30,000 మంది చచ్చారు, మందసం శత్రువుల చేతికి చిక్కింది. ఏలీ కొడుకులిద్దరూ హతమయ్యారు. 98 ఏళ్ల ఏలీ ఆ కబురు విని పీట మీంచి వెనక్కి పడి మెడ విరిగి చనిపోయాడు. నిండు గర్భిణి అయిన ఆయన కోడలు ప్రసవించి, బిడ్డకు ఈకాబోదు అని పేరుపెట్టి కన్నుమూసింది.

రెండు ఎబెనెజరులూ ఒకే చోటా కాదా అన్నది పండితుల మధ్య నేటికీ చర్చే. మొదటిది నేటి ఇజ్రాయెల్‌లోని ఇజ్బెత్ సర్తా అనే పురాతన స్థలం కావచ్చని అక్కడ తవ్వకాలు జరిపిన మోషే కొఖావి అన్నాడు. 1976లో అక్కడే పాత లిపిలో అక్షరమాల గీసిన కుండపెంకు ఒకటి బయటపడింది. చోటు సంగతి ఎలా ఉన్నా, గ్రంథకర్త ఒకే పేరును ఓటమికీ గెలుపుకీ వాడాడు. నాకు అది యాదృచ్ఛికంగా అనిపించదు. మొదటిసారి జనం దేవుణ్ణి అడగలేదు, మందసాన్ని తాయెత్తులా మోసుకొచ్చారు. ఇరవై ఏళ్ల తర్వాత మిస్పాలో ఉపవాసముండి, తప్పు ఒప్పుకుని, నీళ్లు చేది దేవుని ముందు కుమ్మరించారు. ఆ రాయిని చూసే ప్రతి కుటుంబంలోనూ ఆ పాత యుద్ధంలో పోయినవాడొకడు ఉండే ఉంటాడు. సాయం అందిన రోజును తలుచుకోవాలంటే అందని రోజును చెరిపేయనక్కర్లేదు. పాత దెబ్బ మానని వాళ్లకు ఈ రాయి చెప్పేది అదే.

యొర్దాను దాటినప్పుడు నిలబెట్టిన రాళ్లు రెండు వరుసలు

యెహోషువ 4వ అధ్యాయంలో గోత్రానికొక్కరు చొప్పున 12 మంది నది మధ్యనుంచి రాళ్లు భుజాన ఎత్తుకొచ్చారు. వాటిని గిల్గాలులో నిలబెట్టారు. ఇది అందరికీ తెలిసిన వరుస. అదే అధ్యాయం 9వ వచనంలో ఇంకొకటుంది. యాజకులు మందసం మోస్తూ నిలబడ్డ చోట, నది అడుగున, యెహోషువ మరో 12 రాళ్లు నిలబెట్టించాడు. అది కోతకాలం, యొర్దాను గట్లు పొర్లి పారే రోజులు. యాజకులు ఒడ్డెక్కగానే నీళ్లు యథాస్థానానికి వచ్చేశాయి.

గిల్గాలు రాళ్లను దారినపోయేవాళ్లంతా చూడొచ్చు. నీటి అడుగు రాళ్లు ఉన్నాయని దాటినవాళ్లకే తెలుసు. మన జీవితాల్లోనూ మైకు పట్టుకుని చెప్పగలిగిన సాక్ష్యాలు కొన్ని, భార్యాభర్తలకు మాత్రమే తెలిసినవి, లేదా ఒక తల్లికీ దేవునికీ మాత్రమే తెలిసినవి కొన్ని. చెప్పుకోలేనివి చిన్నవేమీ కావు.

పైకి కనిపించే రాళ్లు మాత్రం పిల్లల కోసం. ఈ రాళ్లేమిటి అని రేపు మీ పిల్లలు అడుగుతారు, అప్పుడు చెప్పండి అన్న మాట ఆ ఒక్క అధ్యాయంలోనే రెండుసార్లు వస్తుంది. నిర్గమకాండంలో పస్కా గురించి చెప్పినప్పుడూ, ద్వితీయోపదేశకాండం 6లో ఆజ్ఞల గురించి చెప్పినప్పుడూ ఇదే పద్ధతి. ముందు పిల్లవాడు అడగాలి, తర్వాత పెద్దవాడు చెప్పాలి. ఈ రోజుకీ యూదుల ఇళ్లలో పస్కా రాత్రి కథ చెప్పడం చిన్నపిల్లలు ప్రశ్నలడగడంతోనే మొదలవుతుంది. పిల్లలకు ప్రశ్న పుట్టించే వస్తువు మన ఇళ్లలో ఏదైనా ఉందా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. తాతగారి పాత బైబిలు అట్టవెనక రాసుకున్న తేదీలు చాలు. అడగనివ్వాలి, అడిగినప్పుడు ఫోను పక్కనపెట్టి చెప్పాలి.

జ్ఞాపకచిహ్నం విగ్రహంగా మారిపోయింది, ఒక రాజు దాన్ని పగలగొట్టాడు

ఎడారిలో పాము కాట్లకు జనం చస్తుంటే మోషే ఇత్తడి సర్పాన్ని స్తంభం మీద పెట్టాడు, చూసినవాళ్లు బతికారు. ఇది సంఖ్యాకాండం 21. ఆ సర్పాన్ని జనం పారేయలేదు, దాచుకున్నారు. దేవుడు చేసిన నిజమైన మేలుకు నిజమైన గుర్తు అది. కొన్ని శతాబ్దాలు గడిచేసరికి దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడని రెండవ రాజులు 18:4 చెబుతుంది.

గిల్గాలుకూ అదే గతి పట్టింది. యొర్దాను రాళ్లు నిలబెట్టిన ఆ ఊరికి వెళ్లవద్దని ఆమోసు, హోషేయ ఇద్దరూ హెచ్చరించారు. దేవుడు దారి చూపిన చోటే తర్వాతి తరాలు దారి తప్పాయి. పాత మేలును పట్టుకుని వేలాడటం వేరు, ఆ మేలు చేసినవాణ్ణి ఈ రోజు నమ్ముకోవడం వేరు. మా సంఘం ఒకప్పుడు ఎంత ఉజ్జీవంగా ఉండేదో అని చెప్పుకుంటూ నేటి ప్రార్థనకు రాని పెద్దలు ఉన్న చోటల్లా హిజ్కియా చేసిన పని గుర్తుచేసుకోవాలి.

77వ కీర్తనలో ఆరు ప్రశ్నల తర్వాతే జ్ఞాపకం మొదలవుతుంది

ఆసాపు పేరున ఉన్న ఈ కీర్తనలో కవికి నిద్ర పట్టదు. 7 నుంచి 9 వరకు వరుసగా ఆరు ప్రశ్నలు. దేవుడు శాశ్వతంగా వదిలేశాడా, కృప అయిపోయిందా, మాట తప్పాడా, దయ చూపడం మరిచిపోయాడా? ఇలాంటివి ప్రార్థనలో పైకి అనడానికి మనం జంకుతాం. ఆయన రాసి, పాటలు పాడేవాళ్ల చేతికిచ్చాడు. ఆ తర్వాత 11వ వచనంలో నీ పాత అద్భుతాలు జ్ఞాపకం చేసుకుంటానంటాడు.

విచిత్రమేమంటే, ఆయన తలుచుకున్నది తన సొంత జీవితంలో జరిగినది కాదు. ఎర్రసముద్రం దాటడం. తనకు వందల ఏళ్ల ముందటి సంగతి. సొంత జ్ఞాపకాల్లో ఏమీ దొరకనప్పుడు ఆయన తన జనం జ్ఞాపకాన్ని అరువు తెచ్చుకున్నాడు. చివరికి ఆయన కష్టం తీరిందో లేదో కీర్తన చెప్పదు. మోషే అహరోనుల చేత మందలా నడిపించావు అన్న మాట దగ్గరే ఆగిపోతుంది.

136వ కీర్తనలో 26 వచనాలు. ప్రతి వచనం రెండో సగం ఒక్కటే, దేవుని కృప నిరంతరమని. ఒకరు సంగతి చెబితే జనమంతా పల్లవి అందుకోవడానికి అలా కట్టారని ఎక్కువమంది వ్యాఖ్యాతల అభిప్రాయం. సృష్టితో మొదలై, ఐగుప్తు, ఎడారి దాటి, ప్రతి ప్రాణికీ ఆహారమిచ్చే దగ్గరికి వచ్చి ముగుస్తుంది. సముద్రం చీల్చినవాడే ఈ పూట అన్నం పెడుతున్నాడని ఆ వరుస చెబుతుంది.

విలాపవాక్యాల కూర్పు కూడా గమనించదగ్గది. 5 అధ్యాయాలు. 22, 22, 66, 22, 22 వచనాలు. యెరూషలేము కాలి బూడిదైన తర్వాతి ఏడుపు అది. దుఃఖం మధ్య జ్ఞాపకం తలుపు తెరిచే మాటలు 3వ అధ్యాయంలో, అంటే పుస్తకం నడిబొడ్డున ఉన్నాయి. తర్వాత మళ్లీ ఏడుపే. ఆశ వచ్చాక ఇక ఏడవకూడదన్న నియమం ఆ కవికి లేదు.

మరి 88వ కీర్తన? అది చీకటితోనే ముగుస్తుంది, వెలుగు వైపు మలుపే ఉండదు. పాత మేలు ఒక్కటీ తలుచుకోలేనివాళ్ల కోసం దాన్ని కూడా కీర్తనల్లో ఉంచారు. అలాంటివాళ్లు పక్కన కూర్చున్నప్పుడు మేళ్లు లెక్కపెట్టమని తొందరపెట్టకండి. వాళ్ల తరఫున మీరు లెక్కపెట్టండి.

గొల్యాతు కత్తి దావీదు చేతికి రెండోసారి వచ్చింది, ఆయన దాన్ని గొల్యాతు ఊరికే తీసుకెళ్లాడు

సౌలు ముందు నిలబడి యువకుడైన దావీదు చెప్పిన వాదం తెలిసిందే: సింహం నోటినుంచి, ఎలుగుబంటి నోటినుంచి తప్పించినవాడు ఈ ఫిలిష్తీయుని చేతినుంచీ తప్పిస్తాడు. జరిగినదాన్నిబట్టి జరగబోయేదాన్ని నమ్మడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ ఉండదు. మన ప్రసంగాలు సాధారణంగా అక్కడితో ఆగుతాయి.

కథ ముందుకు వెళ్లింది. సౌలు చంపాలని వెంటపడితే దావీదు నోబులోని యాజకుడు అహీమెలెకు దగ్గరికి పారిపోయాడు. ఆకలి, చేతిలో ఆయుధం లేదు. రాజు పని మీద వచ్చానని అబద్ధమాడాడు. ఏఫోదు వెనక గుడ్డలో చుట్టి ఉంచిన గొల్యాతు కత్తి ఒక్కటే ఇక్కడుంది అన్నాడు యాజకుడు. అలాంటిది మరొకటి లేదు, ఇవ్వమన్నాడు దావీదు. దాన్ని పట్టుకుని వెళ్లింది ఎక్కడికి? గాతుకు. గొల్యాతు సొంత ఊరికి. అక్కడ జనం గుర్తుపడితే భయపడి, గడ్డం మీద ఉమ్మి కార్చుకుంటూ పిచ్చివాడిలా నటించి బయటపడ్డాడు. ఆయన అబద్ధానికి 85 మంది నోబు యాజకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

గతంలో దేవుడు గెలిపించిన గుర్తు చేతిలోనే ఉంది. అయినా వణికిపోయాడు. ఈ అధ్యాయాన్ని దాచేయకుండా రాసినందుకు నాకు కృతజ్ఞతగా ఉంటుంది. కత్తి ధైర్యం ఇవ్వలేకపోయింది. 34వ కీర్తన శీర్షిక మాత్రం ఆ గాతు ఘటననే ప్రస్తావిస్తుంది. ధైర్యసాహసాల రోజుకు కాదు, పిచ్చి నటించి తప్పించుకున్న రోజుకు ఆయన స్తుతి కీర్తన రాసుకున్నాడు.

పడవలో ఉన్నది ఒకే రొట్టె, పంపిణీ చేసినవాళ్లే కంగారుపడ్డారు

మార్కు 8లో శిష్యులు రొట్టెలు తెచ్చుకోవడం మరిచిపోయారు. దానిమీద వాళ్లలో వాళ్లు గొణుక్కుంటుంటే యేసుప్రభువు లెక్కలు అడిగాడు. 5 రొట్టెలు 5,000 మందికి విరిచినప్పుడు ఎన్ని గంపలు మిగిలాయి? 12. 7 రొట్టెలు 4,000 మందికి? 7. జవాబులు ఠక్కున చెప్పారు. లెక్క గుర్తుంది, దాన్ని ఈ పడవలోని ఒక్క రొట్టె పక్కన పెట్టుకోవడం తెలియలేదు. జ్ఞాపకశక్తికీ జ్ఞాపకం చేసుకోవడానికీ తేడా అక్కడుంది.

జాన్ న్యూటన్ గోడ మీది వచనం బానిసల విడుదల చట్టంలోది

ఇంగ్లండ్‌లో ఓల్నీ అనే ఊరి పాస్టరు జాన్ న్యూటన్. ‘అమేజింగ్ గ్రేస్’ పాట ఆయనదే. 1773 జనవరి 1న ఆయన సంఘానికి చెప్పిన కొత్త సంవత్సరపు ప్రసంగంతో ఆ పాటకు సంబంధం ఉంది. ఆ రోజు వాక్యం మొదటి దినవృత్తాంతములు 17:16, 17. దావీదు దేవుని ముందు కూర్చుని, ఇంతదూరం నన్ను తెచ్చావే, నేనెంతటివాణ్ణి అని ఆశ్చర్యపోయే చోటు. పాట మొత్తం వెనక్కి చూసుకుంటూ ముందుకు నడవడమే. 1779లో అచ్చయింది.

న్యూటన్ వెనక్కి చూసుకునే రోజు ఒకటి ప్రత్యేకంగా ఉండేది. మార్చి 21. 1748లో ఆ రోజున ‘గ్రేహౌండ్’ అనే ఓడ అట్లాంటిక్ తుఫానులో చిక్కి మునిగిపోబోతుంటే 22 ఏళ్ల న్యూటన్ ఎన్నో ఏళ్ల తర్వాత దేవుణ్ణి పిలిచాడు. అప్పటినుంచి ఏటా ఆ తేదీని ప్రార్థనలో గడిపేవాడు. ఆయన దినచర్య పుస్తకంలో చివరి రాత 1805 మార్చి 21 నాటిది. రాయడానికి చూపు, ఒళ్లు సహకరించని వయసులో కూడా ఆ రోజును తలుచుకోకుండా వదల్లేదు.

ఇక్కడివరకు చెప్పి ఊరుకుంటే అది అబద్ధం కాకపోయినా సగం నిజమే అవుతుంది. తుఫాను తర్వాత న్యూటన్ బానిసల వ్యాపారం మానలేదు. 1750 నుంచి 1754 వరకు ఆఫ్రికన్లను సంకెళ్లేసి తరలించే ఓడలకు కెప్టెన్‌గా పనిచేశాడు. పైన ప్రార్థన, కింద ఓడ అడుగున మనుషుల మూలుగులు. తనను రక్షించిన దేవుణ్ణి తలుచుకుంటూనే ఆ పని చేశాడు.

ఓల్నీ ఇంట్లో, ప్రసంగాలు రాసుకునే గదిలో, చలిమంట గూడు పైన ఆయన రెండు వచనాలు రాయించుకున్నాడు. వాటిలో ఒకటి ద్వితీయోపదేశకాండం 15:15. నువ్వూ ఐగుప్తులో బానిసవే, దేవుడు నిన్ను విడిపించాడు, అది జ్ఞాపకం పెట్టుకో అనే వచనం. ఆఫ్రికా తీరంలో తాను స్వయంగా ఒక వ్యాపారి ఇంట దాదాపు బానిసగా బతికిన రోజుల్ని గుర్తుచేసుకోవడానికి ఆయన దాన్ని ఎంచుకుని ఉండొచ్చు. ఆ వచనం అసలు ఎక్కడిదో చూడండి. ఆరేళ్లు పనిచేసిన బానిసను ఏడో ఏట విడిచిపెట్టాలి, వట్టి చేతులతో పంపకూడదు, మందలోంచి, కళ్లంలోంచి, ద్రాక్షగానుగలోంచి ఉదారంగా ఇచ్చి పంపాలి అన్న చట్టంలోది. నిన్ను విడిపించినవాణ్ణి తలుచుకో, కాబట్టి వీణ్ణి విడిపించు. ఆ ‘కాబట్టి’ వైపు న్యూటన్ చాలా ఆలస్యంగా చూశాడు. 1788లో బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ, తాను చేసింది సిగ్గుతో ఒప్పుకుంటూ పుస్తకం ప్రచురించాడు. పార్లమెంటు కమిటీ ముందు కళ్లారా చూసినవి చెప్పాడు. బ్రిటన్‌లో ఆ వ్యాపారాన్ని నిషేధించే చట్టం 1807 మార్చిలో వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఆయన కన్నుమూశాడు.

మనకు జరిగిన మేలును తలుచుకునే వేళ మన చేతికింద ఉన్నవాళ్ల సంగతి కూడా తలుచుకోవాలని ఆ చట్టం కోరుతుంది. మన ఇంట్లో పనిచేసే మనిషి జీతం, మన పొలంలో కూలీకి అందే డబ్బు ఆ వచనం పరిధిలోవే.

పాస్కల్ కోటు అంచులో ఒక కాగితం

గణితవేత్త బ్లెయిజ్ పాస్కల్ 1662లో 39 ఏళ్లకే చనిపోయాడు. ఆయన కోటు లోపలి అంచులో కుట్టి ఉన్న కాగితం, తోలుపత్రం ఒక నౌకరు కంటపడ్డాయి. 1654 నవంబరు 23 రాత్రి, పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా తనకు కలిగిన దైవానుభవాన్ని ఆయన అందులో రాసుకున్నాడు. కోటు మార్చినప్పుడల్లా దాన్ని విప్పి మళ్లీ కుట్టుకున్నట్టున్నాడు. ఎనిమిదేళ్లపాటు ఎవరికీ చెప్పలేదు.

బ్రిస్టల్ అనాథాశ్రమాల లెక్కల పుస్తకానికీ మన గోదావరి జిల్లాలకూ చుట్టరికం ఉంది

జార్జ్ ముల్లర్ 1836లో బ్రిస్టల్ నగరంలో అద్దె ఇంట్లో అనాథ పిల్లలను చేరదీశాడు. 1870 నాటికి ఆష్లీ డౌన్ గుట్ట మీద అయిదు పెద్ద భవనాలు, ఒకేసారి 2,000 మందికి పైగా పిల్లలు. తమ అవసరాన్ని మనుషులకు చెప్పకూడదు, దేవునికే చెప్పాలి అన్నది ఆయన నియమం. వచ్చిన ప్రతి పెన్నీ, ప్రతి రొట్టె, ఏ పూట వచ్చిందో ఆయన రాసిపెట్టేవాడు. 1837లో ఆ అనుభవాల మొదటి భాగాన్ని అచ్చువేశాడు. తనకోసం కాదు, బీదరికంలో ఉన్న విశ్వాసులు చదివి, దేవుడు ఇప్పటికీ వింటాడని నమ్మాలన్నదే ఉద్దేశం. 1841 చివర్లో చేతిలో ఏమీ లేని రోజుల్లో వార్షిక నివేదిక బయటికిస్తే జనం జాలిపడి ఇస్తారేమోనని దాన్ని ఆపేశాడు కూడా.

ముల్లర్ భార్య మేరీ అన్నగారు ఆంథనీ నోరిస్ గ్రోవ్స్. ఆయన ప్రోత్సాహంతోనే 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు తమ భార్యలతో ఓడెక్కి మన దేశానికి వచ్చి, నరసాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల బ్రదరెన్ సంఘాల్లో నెలవారీ జీతం హామీ లేకుండా దేవుని మీద ఆధారపడి సేవచేసే సంప్రదాయానికి మూలం ఆ వరుసలోనే ఉంది.

ఒంగోలు కొండ మీద అయిదుగురు ప్రార్థించేనాటికి తలుచుకోవడానికి విజయాలేవీ లేవు

1836లో శామ్యూల్ డే మొదలుపెట్టిన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ 17 ఏళ్లు గడిచినా వేళ్లమీద లెక్కపెట్టగల విశ్వాసులతో నెల్లూరు దగ్గరే ఆగిపోయింది. దాన్ని మూసేద్దామా అని 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో మిషన్ సభవారు చర్చించారు. మిషన్ల పటంలో ఒంటరిగా ఉన్న ఆ చుక్కను ఒకరు ‘ఒంటరి నక్షత్రం’ అన్నారు. ఆ రాత్రే శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ పేరు మీద పద్యం రాశాడు. దాన్ని విన్న సభవారు మూసివేత మాట విరమించుకున్నారు.

ఆ మరుసటి జనవరి 1న, 1854లో, తెల్లవారకముందే మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న కొండెక్కారు. ఆ ముగ్గురి పేర్లు క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు. 1862లో మిషన్ బోర్డువారు మళ్లీ మూసేద్దామన్నప్పుడు, ఒక్కణ్ణయినా సరే తెలుగువాళ్ల దగ్గరికే తిరిగి వెళతానని జూయెట్ పట్టుబట్టాడు. కొండ మీద అడిగిన సేవకుడిగా జాన్ క్లౌ వచ్చాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది.

దీంట్లో మనం తరచూ మరిచిపోయేది ఒకటుంది. క్లౌ పేరు చెబుతాం, ఎర్రగుంట్ల పేరయ్య పేరు చెప్పం. మాదిగ కులంలో పుట్టి, చర్మాల వ్యాపారం చేస్తూ, దేవుణ్ణి వెతుక్కుంటూ తిరిగిన పేరయ్యే తన బంధుజనంలో ఊరూరా సువార్త చెప్పాడు. ఆయన లేకపోతే తర్వాత జరిగినది జరిగేది కాదు.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కూడు కోసం మతం మార్చుకున్నారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాక కూడా జనం తిరిగొచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు, ఒక్కోసారి ఇద్దరే నీళ్లలో నిలబడి, వంతులవారీగా ఇచ్చారు. ఇప్పుడు ఒంగోలు క్రైస్తవులు ఆ సంఖ్యను తలుచుకుంటారు, తలుచుకోవాల్సిందే. 1854లో కొండెక్కినవాళ్లకు మాత్రం అలాంటి సంఖ్య ఏదీ లేదు. వాళ్లు తలుచుకున్నది పాలస్తీనాలో, ఐగుప్తులో జరిగిన సంగతుల్నే అయ్యుంటుంది. వాళ్లకు జూలై 3 లేదు, మనకుంది.

మెదక్ చర్చి కూడా కరువు జ్ఞాపకమే. చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆకలితో ఉన్న జనానికి పని కల్పించి తిండి పెడుతూ కట్టించాడు. 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ 175 అడుగుల గోపురం కింద ఫొటోలు దిగేవాళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లుండాలి.

పంట గంపతో వచ్చిన రైతు వందల ఏళ్ల నాటి కథను ‘మాకు జరిగింది’ అని చెప్పాలి

ద్వితీయోపదేశకాండం 26లో కొత్త పంటలోని మొదటి ఫలాలు గంపలో పెట్టుకొచ్చిన రైతు యాజకుని ముందు ఒక కథ అప్పజెప్పాలి. మా తండ్రి దిక్కులేక తిరిగినవాడు, ఐగుప్తువాళ్లు మమ్మల్ని బాధపెట్టారు, దేవుడు మమ్మల్ని బయటికి తెచ్చాడు, ఈ భూమి ఇచ్చాడు అని. చెప్పేవాడు ఐగుప్తును చూసి ఉండడు, అయినా ‘మేము’ అనాలి. ఆ తర్వాత విందు. ఆ విందులో భూమిలేని లేవీయుడూ, పరదేశీ పక్కన కూర్చోవాలని 11వ వచనం ప్రత్యేకంగా చెబుతుంది.

మన సంఘాల్లో కోత పండుగకు ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి పెడతాం. వంట చేసే ముందు పిడికెడు బియ్యం దేవునికని పక్కన పెట్టే తల్లులు ఇంకా ఉన్నారు. డిసెంబరు 31 రాత్రి ఏడాది మేళ్లు చెప్పుకుంటూ కొత్త సంవత్సరంలోకి అడుగుపెడతాం. 1862 డిసెంబరు 31 రాత్రి అమెరికాలో నల్లజాతి క్రైస్తవులు ఇలాగే చర్చిల్లో మేలుకుని కూర్చున్నారు. తెల్లారితే లింకన్ విమోచన ప్రకటన అమల్లోకి వస్తుంది. నేటికీ వాళ్ల సంఘాల్లో ఆ రాత్రికి విడుదల జ్ఞాపకం ముడిపడి ఉంది.

మన సాక్ష్యాల గురించి మనసులో మాట ఒకటి చెప్పాలి. వీసా వచ్చింది, సీటొచ్చింది, ప్లాటు రిజిస్ట్రేషన్ అయింది అని చెప్పేవాళ్లకే మైకు అందుతోంది. వీసా రానివాడు, బిడ్డను పోగొట్టుకుని కూడా ఆదివారం వచ్చి వెనక వరుసలో కూర్చున్న అమ్మ లేచి, ఈ ఏడు దేవుడు నన్ను విడిచిపెట్టలేదు అంటే సంఘానికి అంతకంటే బలమైన మాట ఇంకేముంటుంది? వాళ్లను బలవంతపెట్టి కాదు, చోటిచ్చి వినాలి.

సింహం నోటినుంచి తప్పించాడని రాసిన ఉత్తరంలోనే పౌలు అంగీ అడిగాడు

రెండవ తిమోతి రోమా జైలునుంచి రాసిన ఉత్తరమని సంఘ సంప్రదాయం. 4వ అధ్యాయంలో పౌలు తన మొదటి విచారణ తలుచుకుంటాడు. ఒక్కరూ తన పక్షాన నిలబడలేదు, అందరూ వదిలేశారు. ప్రభువు మాత్రం పక్కన నిలబడి బలపరిచాడు, సింహం నోటినుంచి తప్పించాడు. ఇక మీదట కూడా తప్పిస్తాడు అంటాడు. ఆ మాటకు ముందే, తాను వెళ్లిపోయే సమయం వచ్చేసిందని కూడా రాశాడు. మరణం తప్పదని తెలిసి, తప్పిస్తాడు అన్నాడు. తన పరలోక రాజ్యానికి చేర్చడాన్నే ఆయన తప్పించడంగా లెక్కపెట్టాడు. నీరో కాలంలో రోమాలో ఆయన హతసాక్షి అయ్యాడని ప్రాచీన సంప్రదాయం చెబుతుంది.

అదే అధ్యాయం 13వ వచనంలో, త్రోయలో కర్పు ఇంట్లో వదిలేసిన అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా తోలుపత్రాలను తెమ్మని తిమోతికి చెప్పాడు. 21వ వచనంలో, చలికాలం రాకముందే రమ్మని తొందరపెట్టాడు.